హెడ్డింగు పడిన మర్నాడు



హాస్టల్లో చదువుకున్నవాళ్లకి పాత పేపరు విలువ తెలుసు. ట్రంకు పెట్టె అడుగున పరిచేది అదే, పుస్తకాలకి అట్ట వేసేది అదే, ఇంటి నుంచి తెచ్చుకున్న వేయించిన పల్లీలు పొట్లం కట్టేదీ అదే. పెట్టె తీసిన ప్రతిసారీ అడుగు నుంచి ఏదో ఒక హెడ్డింగు మన వంక చూస్తుంది. గిరిజనులకు వరం. మన్యానికి మంచి రోజులు. కొండకోనల్లో వెలుగులు. ఏ ఏడాదిదో తెలీదు, తేదీ ఉన్న మూల ఎలుక కొరికేసి ఉంటుంది. తమాషా ఏంటంటే, తేదీ లేకపోయినా పెద్ద తేడా పడదు. అదే హెడ్డింగు అంతకుముందూ పడింది, ఆ తర్వాతా పడింది.

ఆ పెట్టెల దగ్గరే మాకు ఒక ఆట అలవాటైంది. పేరు 'మర్నాడు'. ఆట ఎలాగంటే, ఒకరు పాత హెడ్డింగు చదవాలి. అందులో ఉన్న ప్రతి మాటా అక్షరాలా నిజమైపోయింది అనుకోవాలి. అలాగైతే మర్నాడు పొద్దున్న ఏం జరుగుతుందో మిగతావాళ్లు చెప్పాలి. ఎక్కువ నవ్వించినవాడికి రెండు పల్లీలు ఎక్కువ.

ఈసారి ఆ ఆటని మన చరిత్ర మీద ఆడి చూద్దామనుకున్నాం. ముందే ఒక మాట. కింద మొదటి హెడ్డింగు నిజంగా ఒక పేపర్లో పడినదే. మిగతావి ఆనాటి సంగతిని బట్టి మేం కట్టినవి, లేదా ఏటా అందరం చూసేవి. తేదీలు, చట్టాలు, తీర్పులు నిజం. 'మర్నాడు' మాత్రం మా కల్పన. ఏది కల్పనో మీకు చదవగానే తెలిసిపోతుంది. ఎందుకంటే కల్పనలో పనులు జరుగుతాయి.

మొదటి పాఠం: షికాగో, 1948

1948 నవంబరులో అమెరికా అధ్యక్ష ఎన్నికలు జరిగాయి. హారీ ట్రూమన్ ఓడిపోతాడని అందరూ తేల్చేశారు. షికాగో ట్రిబ్యూన్ పేపరు వాళ్లకి అప్పుడు ప్రెస్సు కార్మికుల సమ్మె, పేజీలు మామూలు కంటే ముందే సిద్ధం చేయాలి. లెక్కింపు పూర్తవకుండానే నవంబర్ 3 పేపరు మీద పెద్దక్షరాలతో ట్రూమన్‌ని డ్యూయీ ఓడించాడని వేసేశారు. తెల్లారి చూస్తే గెలిచింది ట్రూమన్. ఆయన ఆ పేపరు రెండు చేతులతో పైకెత్తి నవ్వుతూ దిగిన ఫొటో ప్రపంచమంతా చూసింది.

మన ఆట ప్రకారం ఆ హెడ్డింగు నిజమైపోవాలి. మర్నాడు డ్యూయీ గారు చంకలో పేపరు పెట్టుకుని వైట్‌హౌస్ గేటు దగ్గరికి వెళ్లారు. కాపలా ఆయన పేపరు చదివి, "రాసింది నిజమే సార్, కానీ లోపల ఆయన టిఫిన్ చేస్తున్నారు" అన్నాడు. చివరికి రాజీ కుదిరింది. ఇద్దరూ అధ్యక్షులే. అమెరికా వాళ్లకి ఇది వింతగానీ మనకి కాదు. మన పంచాయతీల్లో ఎప్పటి నుంచో ఇద్దరు ప్రెసిడెంట్లు. గెలిచిన ప్రెసిడెంటమ్మ ఒకరు, సంతకం పెట్టే ప్రెసిడెంటమ్మ గారి భర్త ఒకరు.

ఈ కథ ముందు ఎందుకు చెప్పామంటే, అక్కడ జరిగింది నిజం, హెడ్డింగు తప్పు. మన మన్యం కథ దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. ఇక్కడ హెడ్డింగు నిజమే. జరగడమే తప్పిపోయింది. కింద చదువుకుంటూ పోతే మీకే తెలుస్తుంది.

మన్యంలో మూడు ఠాణాల మీద దాడి (1922)

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లు. అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, గాం మల్లుదొర, వాళ్ల వెంట కొండ జనం. 26 తుపాకులు తీసుకెళ్లారు. చింతపల్లిలో ఏమేం తీసుకున్నదీ రిజిస్టర్లో రాసి మరీ వెళ్లాడు రాజు.

ఆనాటి పేపర్లు, సర్కారు కాగితాలు దీన్ని 'ఫితూరీ' అన్నాయి. దాడి అన్నాయి. ఎందుకు అన్నది హెడ్డింగులో పట్టదు కదా. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడు కొట్టుకోనివ్వలేదు, అడవిలో కట్టెపుల్ల తెచ్చుకోనివ్వలేదు. గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ ఘాట్ రోడ్డు పనికి జనాన్ని తోలి, చాలీచాలని కూలి విదిల్చాడు. ఆ లెక్క ఏ రిజిస్టర్లో రాశారో ఎవరికీ తెలీదు.

మర్నాడు ఏమైంది? ఠాణా రైటరు గారు రిజిస్టర్ తెరిచి కళ్లు తుడుచుకున్నారు. ఆయన సర్వీసులో సరుకు లెక్క అణా పైసలతో సహా సరిపోయింది ఇదే మొదటిసారి. పై ఆఫీసు నుంచి ఆడిట్ వాళ్లొచ్చి రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టారు. ఒకటి తిరుగుబాటుదార్లు రాసిన తుపాకుల లెక్క. రెండోది దొరగారు రాసిన రోడ్డు కూలి లెక్క. "ఇందులో దొంగలు ఎవరండీ?" అని ఆడిటరు అడిగాడు. అడిగినందుకు ఆయన్ని చింతపల్లికి బదిలీ చేశారు.

మర్నాడు మద్రాసులో ఖర్చుల లెక్క కూడా వేశారు. మలబారు స్పెషల్ పోలీసులు కావాలి. వాళ్లు చాలకపోతే ఎక్కడో ఉన్న అస్సాం రైఫిల్స్ రావాలి. వాళ్లకి బియ్యం, గుడ్డలు, కావిళ్లు, మోతగాళ్లు. ఆ మోత కూలి చూసి గుమస్తా ఒకాయన మెల్లగా అన్నాడు: "అయ్యా, రోడ్డు కూలి ఇచ్చేసి ఉంటే చవగ్గా పోయేది." ఆ గుమస్తా మా కల్పన. రెండు బలగాలు రావడం మాత్రం కల్పన కాదు. 1924 మే 7న రాజుని కాల్చేదాకా ఆ ఖర్చు నడిచింది.

ఇందులో మాకు బాగా నచ్చిన మర్నాడు ముప్ఫై ఏళ్ల తర్వాత వచ్చింది, అది నిజంగానే వచ్చింది. గాం మల్లుదొర పట్టుబడి, ఉరిశిక్ష పడి, అది మారి అండమాన్ పాలయ్యాడు. ఆ మనిషే 1952 మొదటి ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచాడు. ఒకే ట్రంకు పెట్టెలో పాత పేపరు, కొత్త పేపరు రెండూ ఉంటే ఎలా ఉంటుందో ఊహించండి. కింది పేపర్లో పట్టుకోవలసిన ఫితూరీదారు, పై పేపర్లో గౌరవ పార్లమెంటు సభ్యులు. ఢిల్లీలో కొత్త సభ్యుడికి ఇచ్చే ఫారంలో 'గతంలో ప్రభుత్వ ఖర్చుతో దూర ప్రయాణం చేశారా' అని ఒక గడి ఉంటే? చేశారు. సముద్రం దాటి, అండమాన్ దాకా.

నేరస్థ జాతుల చట్టం రద్దు (1952)

ఇది మన ఎరుకల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల కథ. 1871లో తెల్లవాళ్లు ఒక చట్టం చేశారు. కొన్ని కులాల్లో, తెగల్లో పుడితే చాలు, పుట్టుకతోనే నేరస్థుడు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రం మీద కూడా పడింది. పేరు నమోదు, వేలిముద్రలు, పోలీసు దగ్గర హాజరు. చెప్పకుండా ఊరు దాటితే నేరం. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు అలా పుట్టినవే. దాన్ని నడిపింది సాల్వేషన్ ఆర్మీ.

అంతకు ముందు ఆ జనం చేసిన పని ఏంటి? ఎడ్ల మీద, గాడిదల మీద కోస్తా నుంచి ఉప్పు మోసుకెళ్లి లోపలి ఊళ్లలో అమ్మడం, అక్కడి ధాన్యం ఇటు తేవడం. రైలొచ్చింది, ఉప్పు మీద సర్కారు పెత్తనం వచ్చింది, బేరం పోయింది. బేరం పోగొట్టినవాడే వచ్చి, "నీకు బతుకుదెరువు కనపడట్లేదు, కాబట్టి నువ్వు దొంగవి" అన్నాడు. ఇంత చక్కటి తర్కం మన లాజిక్ పుస్తకంలో కూడా లేదు.

మద్రాసు రాష్ట్రం 1947లోనే ఈ చట్టాన్ని ఎత్తేసింది. దేశం మొత్తం మీద రద్దయింది 1952 ఆగస్టు 31న. విముక్త జాతులు పండగ చేసుకునేది ఆ రోజే.

ఇప్పుడు ఆట. దేశంలో ఎక్కడో ఒక గుడారంలో ఆగస్టు 30 రాత్రి కవల పిల్లలు పుట్టారు. పెద్దవాడు పన్నెండుకి పది నిమిషాల ముందు, చిన్నవాడు పన్నెండు దాటిన పది నిమిషాలకి. పెద్దవాడు పుట్టు నేరస్థుడు. చిన్నవాడు స్వతంత్ర భారత పౌరుడు. హాజరు తీసుకోవడానికి వచ్చిన కానిస్టేబులు తల గోక్కున్నాడు. ఇద్దరూ ఒకేలా ఉన్నారు, ఒకేలా ఏడుస్తున్నారు. "ఇందులో దొంగ ఎవడమ్మా?" అని అడిగాడు. తల్లి అంది: "ముందు ఏడ్చినోడు పెద్దోడు నాయనా. వాడి పాలు రెండోవాడు లాక్కుంటున్నాడు. ఇప్పుడు మీరే చెప్పండి."

నవ్వు ఇక్కడితో ఆపుదాం. ఎందుకంటే పాత చట్టం పోయాక 1948లోనే మద్రాసులో అలవాటుపడ్డ నేరస్థుల చట్టం వచ్చింది. పుట్టుకతో నేరస్థుడు అనేది పోయి, అలవాటుతో నేరస్థుడు వచ్చాడు. బోర్డు మారింది, ఠాణా అదే, పిలిచే పేర్లు చాలా వరకు అవే. ఇప్పటికీ ఊళ్లో దొంగతనం జరిగితే ముందు ఏ వీధికి జీపు వెళ్తుందో మనకి తెలుసు. రద్దు అని హెడ్డింగు పడిన చట్టాన్ని మనుషుల బుర్రల్లో ఎవరూ రద్దు చేయలేదు.

గిరిజనుల భూములు గిరిజనులకే (1917, 1959, 1970)

ఒకే హెడ్డింగు మూడుసార్లు వేయదగ్గ వార్త ఇదొక్కటే. 1917లో మద్రాసు ఏజెన్సీ భూముల చట్టం. కొండజాతి వాళ్ల భూమి ఏజెంటు అనుమతి లేకుండా బయటివాళ్లకి పోకూడదు. 1959లో ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతాల భూ బదలాయింపు నిబంధన. 1963లో దాన్ని తెలంగాణ ఏజెన్సీకి కూడా వర్తింపజేశారు. ఆ పైన 1970 నాటి సవరణ, మనందరం వన్ ఆఫ్ సెవెంటీ అనే 1/70. దాంట్లో అసలు బలం ఎక్కడుందంటే, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి దగ్గర నుంచి వచ్చిందనే ముందుగా అనుకోవాలి. కాదు అని నిరూపించుకోవలసిన బాధ్యత అతనిది.

ఫిబ్రవరిలో హెడ్డింగు పడింది. మర్నాడు పొద్దున్నే ఒక షావుకారు గారు పేపరు చదివారు. చట్టం మీద గౌరవం ఉన్న మనిషి. తాళాల గుత్తి తీసుకుని కొండ ఎక్కి ఒక అవ్వ గుమ్మం ముందు నిలబడ్డారు.

"అవ్వా, మీ పొలం మీకు ఇచ్చేస్తున్నా. తీసుకో."

"ఏ పొలం బాబూ?"

"మీ ఆయన నా దగ్గర రెండు కుంచాల జొన్నలు, ఒక గొంగడి అప్పు తీసుకున్నాడు కదా. దానికి వడ్డీ కింద వచ్చిన ఐదెకరాలు."

"అయ్యో, అంత దూరం ఎక్కి వచ్చారు, అంబలి తాగండి. పొలం ఇచ్చారు సరే. దాని మీద మీరు కట్టిన మేడ?"

"అదీ మీదే."

అవ్వకి భయం వేసింది. మేడ మీద పన్నెండు గదులు, ఒక్కో గదిలో ఒక ఫ్యాను. ఇంత ఇల్లు ఎవరు ఊడుస్తారు? చివరికి ఆవిడ మేకల్ని కింద కట్టేసి, పై అంతస్తులో అడ్డపిక్కలు ఆరబోసింది. షావుకారు గారు కొండ దిగి వెళ్తూ వెనక్కి తిరిగి, "అవ్వా, తూకం రాయి కూడా నీ దగ్గరే ఉంచు. దాని బరువు నీకు ఎలాగూ తెలుసు" అన్నారు.

అలా జరగలేదని మీకు చెప్పక్కర్లేదు. జరిగింది వేరు. పొలాలు పనోళ్ల పేర్ల మీదకి, బినామీల మీదకి జారాయి. కేసులు మొదలయ్యాయి. 1/70 చెల్లదని సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1988లో కోర్టు చెల్లుతుంది అంది. అంటే మన చట్టం నిలబడడానికే పద్దెనిమిదేళ్లు పట్టింది, మన పొలం సంగతి ఆ తర్వాత. ఇప్పటికీ ఏజెన్సీలో మెయిన్ రోడ్డు పక్కన మేడలు లెక్కపెట్టి చూడండి, వాటిలో అవ్వలు ఎంతమంది ఉన్నారో చూడండి. హెడ్డింగు మూడుసార్లు పడడానికి కారణం అదే. మొదటిసారి జరిగి ఉంటే రెండోది అవసరం ఉండేది కాదు.

ప్రభుత్వం కూడా ఒక వ్యక్తే (1997)

1997 జూలై 11, సమత తీర్పు. అనంతగిరి మండలంలో బొర్రా గుహల చుట్టుపక్కల గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసు. భూ బదలాయింపు నిబంధనలో 'వ్యక్తి' అనే మాట ఉంది. ఆ మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. అంటే షెడ్యూల్డు ప్రాంతంలోని సర్కారు భూమిని కూడా ప్రైవేటు గనుల కంపెనీలకి లీజుకి ఇవ్వకూడదు. గిరిజనుల సహకార సంఘాలకి ఇవ్వొచ్చు, ప్రభుత్వ సంస్థలే చేసుకోవచ్చు. నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతం అభివృద్ధికి పెట్టాలి.

ఇంత మంచి హెడ్డింగు మా ఆటలో ఇంకోటి దొరకలేదు. ప్రభుత్వం వ్యక్తి అయిపోయింది. మర్నాడు పొద్దున్నే ఆ వ్యక్తి బస్సు దిగి బొర్రా ఊళ్లోకి నడిచి వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో ఫైలు. గ్రామసభ రచ్చబండ మీద కూర్చుని ఉంది.

"నాకు ఇక్కడ కొంచెం భూమి పని ఉంది" అన్నాడు.

"కుల ధ్రువీకరణ పత్రం తెచ్చావా?" అని అడిగారు.

"నేను ప్రభుత్వాన్ని కదా!"

"అయితే ఏం? మా పిల్లాడు ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, స్కాలర్‌షిప్ కోసం నాలుగు నెలలు తిరిగాడు. నువ్వు నిన్నే మనిషివి అయ్యావు. వెళ్లి మండలాఫీసులో అప్లికేషన్ పెట్టుకో."

ప్రభుత్వం మండలాఫీసుకి వెళ్లింది. సర్వర్ డౌన్ అన్నారు. మర్నాడు రమ్మన్నారు. మర్నాడు వెళ్తే సార్ మీటింగ్‌కి వెళ్లారు. ఆ మీటింగ్ ఎవరితోనయ్యా అంటే ప్రభుత్వంతో. ప్రభుత్వం ఆఫీసు బయట వేపచెట్టు కింద కూర్చుని, తనతో జరుగుతున్న మీటింగ్ అయ్యేదాకా ఎదురుచూసింది. మధ్యాహ్నం ఆకలేసింది. పక్కనే కూర్చున్న ఇంటర్ కుర్రాడు తన చోళ్ల రొట్టెలో సగం ఇచ్చాడు. "ఇన్నాళ్లూ మీరందరూ ఇలాగే కూర్చుంటున్నారా?" అని ప్రభుత్వం అడిగింది. కుర్రాడు జవాబు చెప్పలేదు, వాడి నోట్లో రొట్టె ఉంది.

నిజం మర్నాడు ఏంటంటే, తీర్పు వచ్చిన దగ్గర నుంచీ దాన్ని ఎలా దాటాలా అనే ఆలోచన మొదలైంది. ప్రభుత్వ సంస్థ పేరు మీద గని, దాని వెనక ప్రైవేటు ఫ్యాక్టరీ. విశాఖ మన్యంలో బాక్సైట్ గొడవ ఏళ్ల తరబడి నడిచింది అందుకే. కొండలు ఇంకా నిలబడి ఉన్నాయంటే తీర్పు ఒక్కటే కారణం కాదు. తీర్పు పట్టుకుని కొండ మీద నిలబడ్డ ఊళ్లు కారణం.

ఏటా వచ్చే హెడ్డింగులు

కొన్ని హెడ్డింగులకి తేదీ అక్కర్లేదు, కాలం చాలు. వానలు పడగానే 'మంచం పట్టిన మన్యం'. మా ఆటలో చిన్న పిల్లలకి ఇదే ఇష్టం. మన్యం మొత్తానికి మంచం దొరికింది! పాడేరు నుంచి భద్రాచలం దాకా నవారు మంచం. మర్నాడు ఐటీడీఏ వాళ్లు టెండరు పిలిచారు, నాలుగు కోళ్లు సాలూరు సంతలో కొన్నారు. నిజానికి ఆ మాటకి అర్థం మలేరియా. మంచం ఉండాలంటే ఆసుపత్రి ఉండాలి, ఆసుపత్రికి వెళ్లాలంటే రోడ్డు ఉండాలి. రోడ్డు లేని చోట మంచమే డోలీ అవుతుంది. అప్పుడు ఇంకో హెడ్డింగు.

చలి రాగానే 'ఆంధ్రా కాశ్మీర్ లంబసింగి'. పక్కనే 'ఆంధ్రా ఊటీ అరకు'. మర్నాడు కాశ్మీర్ నుంచి, ఊటీ నుంచి వాళ్ల పేర్లు వాళ్లకి ఇచ్చేయమని ఉత్తరాలు వచ్చాయి. అప్పుడు మన పెద్దాయన ఒకరు అడిగారట, "మా ఊరికి మా ఊరి పేరు సరిపోదా బాబూ" అని. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ షాపు తెరిచినప్పుడు మాత్రం పేరు మనదే. అది మనకి గర్వమే. మర్నాడు మా అమ్మమ్మ పారిస్ వెళ్లి ఆ కప్పు ధర చూసి, కిలో గింజల ధరతో లెక్క కట్టడం మొదలుపెట్టింది. ఇంకా కడుతూనే ఉంది.

టీచర్లుగా స్థానిక గిరిజనులే (2000), చెల్లదు (2020)

ఇది చివరిది. ఇక్కడ మాకు నవ్వు తక్కువ వస్తుంది. ఎందుకంటే ఇది పెట్టె అడుగున ఉన్న పేపరు కాదు, మన బీఈడీ సర్టిఫికెట్ పక్కన ఉన్న పేపరు.

2000 జనవరి 10న జీవో 3 వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే. కారణం మనకి బాగా తెలుసు. బయట నుంచి వేసిన సారు వారానికి ఒకసారి వచ్చి ఏడు సంతకాలు పెట్టి వెళ్లేవాడు.

మర్నాడు బడి తెరిచారు. టీచరమ్మ ముందే వచ్చి కూర్చుని ఉంది. ఒకటో తరగతి పిల్లాడు కువిలో ఏదో అడిగాడు. ఆవిడ కువిలోనే జవాబు చెప్పింది. పిల్లాడు భయపడి ఇంటికి పరిగెత్తాడు. "అమ్మా, బడిలో సారుకి బదులు పిన్ని కూర్చుంది!" తల్లి నమ్మలేదు. ఊరంతా బడి దగ్గరికి వచ్చింది. బుధవారం కూడా టీచరు వచ్చింది. గురువారం కూడా వచ్చింది. శుక్రవారానికి ఆ వింత చూడ్డానికి పక్క ఊరి వాళ్లు అన్నం మూట కట్టుకుని వచ్చారు.

ఈ కథలో సగం నిజం. అలా మన అక్కలు, అన్నలు ఎంతోమంది టీచర్లయ్యారు. సవర, కువి, కోయ, గోండి మాట్లాడే పిల్లలు వాళ్ల ముందు నోరు విప్పారు. మనలో చాలామందికి అక్షరం దిద్దించింది వాళ్లే.

తర్వాత 2020 ఏప్రిల్ 22. ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం జీవో 3 చెల్లదంది. నూటికి నూరు రిజర్వేషన్ సమానత్వానికి విరుద్ధం అంది. ఐదో షెడ్యూలు కింద గవర్నరుకి ఉన్న అధికారం అంతదాకా రాదంది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లని కదపలేదు గానీ, రెండు రాష్ట్రాలూ మళ్లీ ఇలా చేయకూడదని షరతు పెట్టి, 5 లక్షల రూపాయల ఖర్చులు కూడా కట్టమంది.

అప్పుడు లాక్‌డౌన్. బస్సుల్లేవు. మా ఊళ్లకి ఆ హెడ్డింగు ఉన్న పేపరు రాలేదు. మన ఉద్యోగం పోయిన వార్త మనకి ఫోన్లో, అదీ సిగ్నల్ కోసం కొండెక్కితే తెలిసింది. ఈ హెడ్డింగు మీద 'మర్నాడు' ఆడదామని కూర్చున్నాం. ఎవరికీ మాట రాలేదు. గమనించారా, మనకి ఇస్తాం అన్న హెడ్డింగులన్నీ అమలు కావడానికి పదేళ్లు, ఇరవై ఏళ్లు పట్టాయి. తీసేస్తాం అన్న హెడ్డింగు మాత్రం మర్నాటికే అమలైంది.

ఆట నుంచి మేం నేర్చుకున్నది

పాత హెడ్డింగులు చూసి నవ్వుకోవడం తేలిక. కానీ ఇవన్నీ వరసగా పెట్టాక మాకు ఒక సంగతి అర్థమైంది. వాటిలో అబద్ధాలు దాదాపు లేవు. చట్టం వచ్చింది, తీర్పు వచ్చింది, జీవో వచ్చింది. విలేకరి రాసింది నిజమే. మర్నాడు అతను మళ్లీ రాలేదు, అంతే. మర్నాటి పేపరు రాసేవాడు ఎవడూ లేకపోవడమే మన చరిత్రలో ఖాళీ. ఆ ఖాళీలో షావుకారు మేడ కట్టుకున్నాడు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక పని చేద్దాం. సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు ఒక్క సంగతి తీసుకోండి. 1/70 కావచ్చు, అటవీ హక్కుల చట్టం కావచ్చు, పీసా కావచ్చు, మీ ఊరికి మంజూరైన వంతెన కావచ్చు. అది వచ్చిందని తెలిసిన మర్నాడు మీ ఊళ్లో ఏం జరిగిందో తాతని, అవ్వని అడగండి. సంవత్సరం, సర్వే నంబరు, అప్పుడు ఎవరొచ్చారు, ఎవరు సంతకం పెట్టించుకున్నారు, అన్నీ నోటుబుక్కులో రాయండి. మన భాషలోనే చెప్తే మన భాషలోనే రాయండి. రేపు గ్రూప్స్ రాసినా, లా చదివినా, టీచరైనా ఆ నోటుబుక్కు పనికొస్తుంది. జీవో 3 మీద రేపు మళ్లీ ఎవరైనా వాదించవలసి వస్తే, మన భాష తెలిసిన టీచరు ఉన్న బడికీ లేని బడికీ తేడా ఏంటో చెప్పే సాక్ష్యం అదే.

ఆట చివర్లో ఒక రౌండు ఉంటుంది, మనకి కావలసిన హెడ్డింగు ఎవరికి వాళ్లు చెప్పాలి. ఒకడు జిల్లాకో మెడికల్ కాలేజీ అన్నాడు. ఒకమ్మాయి సవరలో డిగ్రీ అంది. మూల కూర్చున్న ఏడో తరగతి పిల్లాడు చెప్పింది విని పల్లీలన్నీ వాడికే ఇచ్చేశాం. వాడి హెడ్డింగు ఇది:

'మన్యంలో నిన్న విశేషాలేమీ లేవు.'

అంటే ఏంట్రా అని అడిగాం. "జొరం వచ్చినోళ్లకి మాత్ర దొరికింది, కడుపుతో ఉన్నావిడ బండి మీద ఆసుపత్రికి వెళ్లింది, టీచరు వచ్చింది. ఇంకేం రాస్తారు?" అన్నాడు.

జోహార్.